రెండు బై అయిదుకు ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ రెండు బై అయిదు గారికి, ఆరో తరగతి లెక్కల టీచరు వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి. కాని మీరు కుశలంగా ఉన్నన్నాళ్లూ నేను కుశలంగా ఉండడం కల్ల కాబట్టి ఆ మాట దాటేస్తున్నాను. 'గారు' కూడా ఇక్కడితో సరి. ఇరవై మూడేళ్లుగా పిలవని పేరంటానికి వస్తూనే ఉన్నావు. అలాంటివాళ్లని మా వైపు 'మీరు' అనరు.

ఇది బహిరంగ లేఖ కాబట్టి నువ్వెవరో చదివేవాళ్లకి చెప్పాలి. భిన్నాల కూడిక మొదలుపెట్టే రోజు బోర్డు మీద 1/2 + 1/3 అని రాసి, ఎవరు చేస్తారు అని అడుగుతాను. ఏడాది పొడుగునా చెయ్యెత్తని పిల్లాడు కూడా ఆ రోజు చెయ్యెత్తుతాడు. వస్తాడు. సుద్దముక్క తీసుకుంటాడు. పైన ఒకటీ ఒకటీ రెండు. కింద రెండూ మూడూ అయిదు. మధ్యలో గీత. 2/5. అప్పుడు వాడి మొహం చూడాలి. అయిదేళ్ల చదువులో ఇంత సుఖమైన కూడిక వాడికి తగల్లేదు. చేతిలో ఒకటి పెట్టుకునే పని లేదు, పక్కంకె దగ్గర అప్పు తెచ్చే పని లేదు. నేను "కాదు నాన్నా" అనగానే ఆ మొహం మాడిపోతుంది. ఏటా నాచేత ఆ పని చేయిస్తున్నందుకే ఈ ఉత్తరం.

ఎక్కాలు తప్పేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కోలా తప్పుతారు. ఏడెనిమిదులు ఎంతరా అంటే ఒకడు యాభై నాలుగంటాడు, ఇంకొకడు అరవై మూడంటాడు. నీ దగ్గర ఆ పేచీ లేదు. పిల్లలెవరైనా, ఏ ఊరివాళ్లయినా, నువ్వు ఒకే మొహంతో దిగుతావు. అంటే నువ్వు పొరపాటువి కావు. ఒక పద్ధతివి. తనకి తోచిన దారిలో పిల్లాడు నిక్కచ్చిగా నడిస్తే చేరే ఊరివి. అదే నాకు భయం.

మా బడికే పరిమితమై ఉంటే ఇంత రాద్ధాంతం చేసేదాన్ని కాదు. 1978లో అమెరికాలో జాతీయ స్థాయి పరీక్ష పెట్టి, 13 ఏళ్ల పిల్లల్ని ఒక మాట అడిగారు. 12/13 + 7/8 సుమారుగా ఎంత? లెక్క చెయ్యక్కర్లేదు, దగ్గర్లో ఉన్నది ఎంచుకుంటే చాలు. 1, 2, 19, 21, కాకపోతే 'తెలియదు'. రెండు భిన్నాలూ ఇంచుమించు ఒకటి అయ్యేవే. ఒకటీ ఒకటీ రెండు. ఆ రెండుని ఎంచుకున్నవాళ్లు 24 శాతం. 19 అన్నవాళ్లు 28 శాతం, 21 అన్నవాళ్లు 27 శాతం. 19 ఎక్కణ్నించి ఊడిపడిందో నీకు తెలుసు, 12కీ 7కీ మొత్తం అది. 21 ఏమో 13కీ 8కీ మొత్తం. వాళ్ల దగ్గర నువ్వు ముక్కలై, కొందరి ఇంట్లో పై అంతస్తులోనూ కొందరి ఇంట్లో కింది అంతస్తులోనూ కాపురం పెట్టావన్నమాట.

నిన్ను తిట్టిపోసే ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. నీ పుట్టిల్లు మా స్టాఫ్ రూమే.

మార్కుల రిజిస్టరు తెరువు. పిల్లాడికి యూనిట్ పరీక్షలో 15/20, స్లిప్ టెస్టులో 7/10. మొత్తం గడిలో ఏం రాస్తాం? 22/30. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో. అదే గీత, అదే వాలు. ఎర్రసిరాతో స్వయంగా నేను చేసి చూపించిన కూడికనే ఆ పిల్లాడు లెక్కల నోట్సులో చేస్తే, అదే ఎర్రసిరాతో కొట్టేస్తాను. పాపం, వాడేమనుకోవాలి? టీచరు చేస్తే ఒప్పు, నేను చేస్తే తప్పు అనుకుంటాడు. చాలామంది అదే అనుకుని ఊరుకుంటారు కూడా.

టీ బడ్డీ దగ్గర కూడా నీకు మంచి పరపతే ఉంది. మా గేటు ఎదురుగానే ఉంది ఒకటి. ఇద్దరొచ్చి 'వన్ బై టూ' అంటారు. ఇంకో ముగ్గురొచ్చి 'వన్ బై త్రీ' అంటారు. అయిదుగురూ ఒకే బెంచీ మీద సర్దుకుని, రెండు టీలూ కలిపేసి సమానంగా పోసుకుంటే తలా ఎంత? అక్షరాలా రెండు బై అయిదు. ఆ బెంచీ మీద నిన్ను తప్పనడానికి నాకు నోరు లేదు. పెద్ద గణితంలోనూ నీకు పీట వేశారు. 1816లో జాన్ ఫేరీ అనే ఆంగ్లేయుడు భిన్నాలని చిన్న నుంచి పెద్దకి వరసగా పేర్చుకుంటూ పోతే కనబడే ఒక చిత్రం గురించి రాశాడు. ఆయన పేరు మోస్తున్న ఆ వరసలో 1/3కీ 1/2కీ నడుమ కూర్చునేది నువ్వే. పైవి కలిపి, కిందివి కలిపితే పుట్టే భిన్నం ఎప్పుడూ ఆ రెండింటి మధ్యే ఉంటుంది.

నీ గుట్టు రట్టయ్యేదీ అక్కడే. మధ్యలోనే ఉంటావు. చిన్నదాని కన్నా పెద్ద, పెద్దదాని కన్నా చిన్న. కూడిక ఫలితం అలా ఉండకూడదు కదా! టీ బెంచీ మీద అడిగింది తలా ఎంత అని. నేను అడిగింది ఒకే గ్లాసులో సగం దాకా పోసి, దాని మీద మరో మూడోవంతు పోస్తే ఎక్కడిదాకా నిండుతుంది అని. టీ బడ్డీలో రెండు టీలు, నా దగ్గర గ్లాసు ఒక్కటే. నువ్వు ఒక ప్రశ్నకి సరైన జవాబువై ఉండి, వేరే ప్రశ్న ఇంటి తలుపు కొడుతున్నావు.

ఈ సంగతి పిల్లలకి మాటల్లో చెబితే ఎక్కలేదు. అందుకని తక్కెడలోకి ఎక్కించాను. సంచిలో అరకిలో టమాటాలున్నాయి, 500 గ్రాములు. అందులో ఇంకో మూడోవంతు కిలో వేశాం. నీ లెక్క ప్రకారం ఇప్పుడు 2/5 కిలో, అంటే 400 గ్రాములు. వేస్తే తగ్గింది! "కొట్టువాడు మోసం చేశాడు టీచర్" అంది ముందు వరసలో ఒక పిల్ల. ఆ మాట వినడానికి నువ్వు అక్కడ ఉండాల్సింది. సగానికి సగం కలిపి చూడమంటే 2/4 వచ్చింది. అంటే మళ్లీ సగమే. సగం అన్నం తిన్నవాడు తక్కిన సగమూ తింటే సగం అన్నమే తిన్నట్టు. క్లాసంతా నవ్వింది. నవ్వి, మర్నాడు హోంవర్కులో నిన్నే రాసుకొచ్చింది.

అక్కడే నాకు ఒళ్లు మండింది. మండి, ఆలోచనలో పడ్డాను. తక్కెడ దగ్గర నవ్వినవాళ్లకి నోటుబుక్కు దగ్గర ఏమవుతోంది?

మా అమ్మమ్మ బడి మెట్టెక్కలేదు. వేలిముద్రే. పక్కింటావిడ సోమవారం తవ్వెడు బియ్యం బదులు తీసుకుని, గురువారం మళ్లీ సోలెడు తీసుకుంటే "మూడు సోలలు ఇవ్వాలమ్మా" అనేది. తవ్వకి రెండు సోలలు, మానికకి నాలుగు సోలలు, సోలకి నాలుగు గిద్దలు. పెద్ద కొలతనీ చిన్న కొలతనీ కలపాలంటే ముందు రెంటినీ ఒక కొలతలోకి దించాలి. నేను రెండు పీరియడ్లు గొంతు చించుకుని చెప్పే పాఠం ఇంతే. ఆవిడ బియ్యం డబ్బా మూత తీసి మూసేలోపు చేసేసేది. అరమానికా పావుమానికా కలిస్తే ముప్పావుమానిక. ముప్పావు అంటే మూడు పావులు. ఆ మాటలోనే కూడిక అయిపోయి ఉంది. 'అర'లో రెండు దాక్కుని ఉందనీ, 'పావు'లో నాలుగు దాక్కుని ఉందనీ, ఆ రెండూ కూడితే ఆరనీ ఏ తెలుగు ఇల్లాలికీ ఏనాడూ తట్టలేదు. పావు అనేది ఒక వస్తువు పేరు. వస్తువులని కూడతాం, పేర్లని కూడం. రెండు మామిడికాయలూ మూడు నిమ్మకాయలూ కలిపితే ఎన్ని అంటే, అయిదు 'కాయలు' అంటాం. ఆ రెంటికీ సరిపోయే పేరు దొరికాకే అయిదు అనడానికి నోరొస్తుంది.

ఆ పేరుని చెరిపేసింది 'బై' అనే ఒక్క అక్షరం. ఎప్పుడు దూరిందో గాని తెలుగు మీడియంలోనూ ఇప్పుడు మూడోవంతు అనేవాళ్లు లేరు, ఒకటి బై మూడు అంటారు. వంతు పోయింది, రెండు అంకెలూ ఒక అడ్డగీతా మిగిలాయి. రెండు అంకెలు కనబడితే కూడిక నేర్చిన పిల్లాడు ఏం చేస్తాడు? కూడతాడు. ఇంగ్లీషువాళ్ల డినామినేటర్ అనే మాటకి కూడా పేరుపెట్టేది అనే అర్థం. మనం మాత్రం హారం అన్నాం. "మెళ్లో వేసుకునేదా టీచర్?" అని ఏటా ఒకరైనా అడుగుతారు. లవం అనగానే కుశం ఏది అని కూడా అడిగాడొకడు. వాణ్ని తిట్టలేకపోయాను.

నీ గెలుపులో మన రూపాయి చెయ్యి కూడా ఉందని నా అనుమానం. మా నాన్న చిన్నప్పుడు రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు, వెరసి 192 పైలు. అందులో సగం 96, మూడోవంతు 64. కలిపితే 160 పైలు, పదమూడణాల నాలుగు పైలు. నీకు దూరే సందే లేదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చి రూపాయి వందయింది. వంద అయిదుకి లొంగుతుంది, పదికి లొంగుతుంది, మూడుకి లొంగదు. ఆ రోజుతో మూడోవంతుకి రూపాయిలో కాలు పెట్టే చోటు పోయింది. ఇప్పుడు నా క్లాసులో పావుని ఎరగనివాడు లేడు, మూడోవంతుని ఎరిగినవాడు లేడు. అందుకే నేను డజను పట్టుకున్నాను. డజను అరటిపళ్లలో సగం ఆరు, మూడోవంతు నాలుగు, కలిపి పది. పన్నెండులో పది. మా ఊళ్లో అరటిపళ్లు ఇంకా డజను లెక్కనే అమ్ముతున్నందుకు ఆ బండివాడికి నేను రుణపడి ఉన్నాను.

నీ మీద పోరాటం నాతో మొదలవలేదు, ఆ సంగతి కూడా తెలుసుకో. సుమారు 850లో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, మహావీరాచార్యుడనే జైన పండితుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. భిన్నాల అధ్యాయానికి ఆయన పెట్టిన పేరు కళాసవర్ణం. కళ అంటే భాగం. భాగాలన్నిటినీ ఒకే వర్ణంలోకి తెచ్చుకోవడం సవర్ణం. హారాల క.సా.గు.ని 'నిరుద్ధం' అని పిలిచి, దాంతో భిన్నాలు కూడే దారి కూడా చెప్పాడు. ఆ పుస్తకాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఇంటిపేరులోనే పావున్న మనిషి భిన్నాలు చెప్పడం ఎంత బాగుందో చూడు.

సవర్ణం అనే మాట తెలిశాక నాకు పక్క గది వినబడడం మొదలైంది. అక్కడ మా తెలుగు మాస్టారు ఏళ్ల తరబడి సవర్ణదీర్ఘ సంధి చెబుతున్నారు. కవి, ఇంద్రుడు, కవీంద్రుడు. ఇకారానికి ఇకారమే ఎదురైతే రెండూ కలిసి ఒక దీర్ఘం. గోడకి ఇటు నేను చెబుతున్నదీ అదే అని ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. ఒకరోజు ఏడో తరగతిలో అడిగాను. "సూర్య, ఉదయం కలిపితే సవర్ణదీర్ఘమేనా?" "కాదు టీచర్, వర్ణాలు వేరు కదా" అన్నారు. "మరి సగానికీ మూడోవంతుకీ వర్ణం ఒకటేనా?" కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక బెంచీ నుంచి "ఆరోవంతులు చేస్తే ఒకటే అవుద్ది టీచర్" అని వినబడింది. మా పాఠ్యపుస్తకం వీటిని సజాతి భిన్నాలు, విజాతి భిన్నాలు అంటుంది. చదువుతుంటే పెళ్లిసంబంధాల ప్రకటనలా ఉంటుంది, నాకు నచ్చదు. అయినా ఇక్కడ వర్ణం మార్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదులే. 1/2 ఏ క్షణానైనా 3/6 అయిపోతుంది, విలువ వెంట్రుకవాసి తగ్గదు.

కాగితం మడతతో అయితే ఇంకా తేలిక. తెల్లకాగితాన్ని నిలువుగా సగానికి మడిచి, విప్పి, అడ్డంగా మూడు మడతలు పెడితే ఆరు గళ్లు పడతాయి. సగమంటే మూడు గళ్లు, మూడోవంతంటే రెండు గళ్లు. అయిదు గళ్లు రంగేసి చూపిస్తే ఆరోది తెల్లగా మిగులుతుంది. ఆ ఆరు ఎవరూ కనిపెట్టింది కాదు, మడతల్లోంచి అదే వచ్చింది.

ఇవన్నీ ఇంత తెలిసినదాన్ని మొదటి పదేళ్లూ ఏం చేశాననుకున్నావు? మంత్రం చెప్పాను. క.సా.గు. తియ్యి, కిందదాంతో భాగించు, పైదాంతో గుణించు, పైన కూడు. పిల్లలు పొల్లుపోకుండా అప్పజెప్పారు. పరీక్షలో అందరికీ 5/6 వచ్చింది. నువ్వు పోయావని సంబరపడ్డాను. వేసవి సెలవులు దాటి ఏడో తరగతికి వచ్చేసరికి మంత్రం మరిచిపోయారు, నువ్వు మాత్రం గుర్తున్నావు. ఈ మధ్య వీడియోల్లో సీతాకోకచిలుక రెక్కలు గీసి అడ్డంగా గుణించే కిటుకొకటి తిరుగుతోంది. రెక్కలు ముచ్చటగానే ఉంటాయి. మూడు భిన్నాలిస్తే మాత్రం ఎగరదు.

ఆ పదేళ్లలో చేసిన ఇంకో పాపం కూడా రాసేస్తాను. ఒకమ్మాయి 1/4 + 1/6కి 24 హారంగా తీసుకుని, 6/24 + 4/24 = 10/24 = 5/12 అని చక్కగా తేల్చింది. క.సా.గు. 12 కదా, 24 ఎందుకు తీసుకున్నావని అర మార్కు కోసేశాను. 24 ఆ పిల్ల సొంతంగా వెతుక్కున్న పేరు. నాలుగోవంతుకీ ఆరోవంతుకీ నప్పే పేరు. నేను కోసింది అందుకు. నీకు సైన్యాన్ని సమకూర్చింది నాలాంటివాళ్లే మరి.

నువ్వు ఆరో తరగతితో ఆగేవాడివైనా బాగుండేది. పదో తరగతి ఫిజిక్సులో కూడా దొరికావట. రెండు ఓములు, మూడు ఓముల నిరోధాలని సమాంతరంగా కలిపితే ఫలిత నిరోధం ఎంత? మళ్లీ అదే 1/2 + 1/3. జవాబు 5/6, తిరగేస్తే 1.2 ఓములు. సగం మంది పేపర్లలో రెండున్నర ఓములు ఉందని మా ఫిజిక్సు మాస్టారు స్టాఫ్ రూములో తల పట్టుకున్నాడు. సమాంతరంగా కలిపితే నిరోధం చిన్నదాని కన్నా తగ్గాలని అంతకుముందు రోజే చెప్పాడట. "మీ క్లాసు నుంచే వచ్చారు మేడం" అన్నాడు. టీ గ్లాసు కింద పెట్టి ఏదో పనున్నట్టు లేచి వెళ్లిపోయాను.

ఇంతకీ ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, పోయిన వారం జరిగింది చెప్పాలి. యూనిట్ పరీక్ష పేపర్లు దిద్ది ఇచ్చాను. ఒకడు పేపరు పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. వాడి పేపర్లో నువ్వు మూడు చోట్ల మూడు వేషాల్లో ఉన్నావు. నేను వేసింది 11.

"టీచర్, మూడు చోట్ల అర మార్కు వేశారు, కలపలేదు."

చూశాను. నిజమే. "ఎంత రావాలి?" అన్నాను.

"ఒకటిన్నర. పన్నెండున్నర అవ్వాలి."

రెప్పపాటు కూడా పట్టలేదు వాడికి. సుద్దముక్క చేతికిచ్చి, "ఆ మూడు అరలూ బోర్డు మీద రాసి కూడు" అన్నాను. రాశాడు. 1/2 + 1/2 + 1/2. పైన మూడు, కింద ఆరు. 3/6.

"మూడు బై ఆరంటే అర. అంటే నీకు అర మార్కు కలిపితే సరిపోతుందా?"

వాడు బోర్డుని చూశాడు. పేపరుని చూశాడు. మళ్లీ బోర్డుని చూశాడు. కంగారు లేదు, జాలిగా నావైపు చూశాడు.

"అవి మార్కులు టీచర్. ఇవి భిన్నాలు."

ఒకటిన్నర కలిపి, పన్నెండున్నర వేసి, సంతకం పెట్టి ఇచ్చాను.

ఇట్లు,
ఆరో తరగతి 'బి' సెక్షను లెక్కల టీచరు

తా.క.: సోమవారం మూడో పీరియడ్లో 3/4 + 1/5 ఉంది. నువ్వు 4/9 వేషంలో వస్తావని తెలుసు. రా. ఈసారి అంకెలు రాయించను, 'ముప్పావు కిలో, ఇంకో అయిదోవంతు కిలో' అని అక్షరాల్లో రాయిస్తాను. తక్కెడ, రెండు కిలోల టమాటాలు తెస్తున్నాను. వాడిని ముందు బెంచీలో కూర్చోబెడతాను.